ఊరు చూడని గెలుపు

2022వ సంవత్సరం మార్చి 20వ తేదీ రాత్రి గోవాలోని ఫతోర్దా మైదానంలో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిచినది. ఫుట్‌బాలును వృత్తిగా ఆడే జట్లకు మన దేశంలో అగ్రశ్రేణి పోటీ అది. తెలుగు నగరం పేరు ధరించిన జట్టు ఆ పోటీలో నెగ్గడం అదే మొదటిసారి. నాలుగు నెలల కాలంలో ఆ జట్టు మొత్తం 23 ఆటలు ఆడినది. వాటిలో ఒక్కటైనా హైదరాబాదులో జరుగలేదు. పేరు హైదరాబాదుది, మైదానాలు గోవావి, ఆటగాళ్లు నానా దేశాలవారు. అటువంటి గెలుపును మనది అని చెప్పుకొనే హక్కు మనకెంతవరకు ఉన్నదనే ప్రశ్న సహజంగానే పుడుతుంది. ఆ ఒక్క సీజను కథ చెప్పుకొన్నంత మాత్రాన దీనికి జవాబు దొరకదు. ముందువెనుకల చరిత్రను కూడా కొంత తడవవలసి ఉంటుంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలవారికి ఈ ప్రశ్న మరికొంత చిక్కుగా ఎదురవుతుంది. 1953వరకు మనం మద్రాసు రాష్ట్రంలోనివారం. హైదరాబాదు మనకు రాజధాని అయినది 1956లో. తిరుపతి నుండి మద్రాసు నగరం 140 కిలోమీటర్ల లోపు దూరం. హైదరాబాదు 550 కిలోమీటర్లకు పైమాట. సూపర్ లీగులో మద్రాసుకు చెన్నైయిన్ అనే జట్టు ఉన్నది. ఉదయం బస్సెక్కి, సాయంత్రం నెహ్రూ స్టేడియంలో ఆట చూచి, అర్ధరాత్రికి ఇల్లు చేరగల అవకాశం మనకు ఆ జట్టు విషయంలోనే ఉన్నది. భాష ఒకవైపు, దారి మరొకవైపు. అభిమానం మాత్రం భాషవైపే మొగ్గినవారు మన ప్రాంతంలో చాలమంది.

ముందుగా లీగు అనే మాటను గురించి కొంత చెప్పాలి. 1888లో ఇంగ్లండులో 12 క్లబ్బులు కలసి ఫుట్‌బాల్ లీగును స్థాపించినవి. ప్రతి జట్టు మిగిలిన ప్రతి జట్టుతోను రెండేసిమార్లు తలపడవలె. ఒకసారి తన ఊరిలో, మరొకసారి ఎదుటివారి ఊరిలో. ఆ మొదటి సీజనులో ప్రెస్టన్ నార్త్ ఎండ్ అనే క్లబ్బు 22 ఆటలు ఆడి, 18 గెలిచి, 4 సమంగా ముగించి, ఓటమి అనేది లేకుండ విజేత అయినది. లీగు మర్మమంతా ఆ ఏర్పాటులోనే ఉన్నది. ఒకనాటి ఆవేశంతో గెలిచేది కాదది. వానలో, బురదలో, గాయాల నడుమ, వారం వారం మార్కులు కూడబెట్టుకోవలె. ఇంటి మైదానంలో తమవారి కేకలు ఆ జట్టుకు సగం బలం. అడుగున మిగిలిన జట్లు క్రింది శ్రేణికి దిగిపోవలసి వస్తుంది కనుక, పై జట్లకు పట్టం మీద ఎంత ఆశయో, క్రింది జట్లకు పతనమంటే అంత భయం.

అదే 1888లో మన దేశంలో సిమ్లాలో డ్యూరాండు కప్పు ఆరంభమైనది. అక్కడ లీగు పుట్టిన యేడే ఇక్కడ కప్పు పుట్టినది. ఈ పోలిక కాకతాళీయమే కాని, తరువాతి చరిత్రను అర్థం చేసుకొనడానికి బాగా పనికివస్తుంది. కప్పు పోటీ అంటే ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు ముందుకు. పది పదిహేను రోజులలో అంతా తేలిపోతుంది. కలకత్తాలో 1898 నుండి స్థానికంగా లీగు ఉన్నది కాని, దేశమంతటికీ కలిపి ఒక లీగు ఏర్పడడానికి 1996 దాకా ఆగవలసి వచ్చినది. అందువల్ల మన పెద్దలు ఫుట్‌బాలును గురించి చెప్పిన కథలన్నీ కప్పుల కథలే. వానిలో అత్యున్నతమైనది హైదరాబాదు నగర పోలీసు జట్టు కథ.

ఈ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. 1950లో డ్యూరాండు కప్పు అంతిమ పోటీలో కలకత్తావారి మోహన్ బగాన్ జట్టును ఓడించినది. డ్యూరాండు కప్పు తిరిగి 1954లోను, 1957లోను దానికి దక్కినది. రాష్ట్రం మారి జట్టుకు ఆంధ్రప్రదేశ్ పోలీసు అని పేరు వచ్చిన తరువాత 1961లో మరొకసారి దక్కినది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956–57లోను, 1957–58లోను హైదరాబాదు గెలుచుకొన్నది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ గెలిచినది. అటుపిమ్మట ఆ ట్రోఫీ తెలుగునేలకు రాలేదు.

ఆ ప్రాభవానికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 1909లో హైదరాబాదులో జన్మించినారు. వృత్తిచేత ఉపాధ్యాయులు, అందరూ ఆయనను రహీం సాహెబ్ అనేవారు. 1950 నుండి 1963లో మరణించేవరకు నగర పోలీసు జట్టుకు ఆయనే శిక్షకులు. భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో బంగారు పతకం పొందినది ఆయన శిక్షణలోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందినదీ ఆయన శిక్షణలోనే. జకార్తా అంతిమ పోటీలో దక్షిణ కొరియాను 2–1 గోలులతో ఓడించిన నాటికే ఆయన క్యాన్సరుతో బాధపడుతున్నారు. మరుసటి యేడు జూన్ 11వ తేదీన కన్నుమూసినారు. 2024లో మైదాన్ అనే హిందీ చలనచిత్రం వచ్చేవరకు ఆయన పేరు మన పిల్లలకు తెలియకపోవడం విచారించదగిన విషయం. సినిమా మూలంగానైనా తెలిసినందుకు సంతోషించవలె.

రహీం గారి పద్ధతిలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది కప్పుల సంఖ్య కాదు. ఆయన నగరంలో పిల్లలకు వింతవింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర ఉంచుకొని చుట్టూ తిప్పడం నిషిద్ధం. అందిన వెంటనే తోటివాడికి అందించవలె. మరొక పోటీలో తనకు వాటం లేని కాలితోనే తన్నవలె. ఎడమకాలు రానివాడు ఎడమకాలితోనే ఆట పూర్తిచేయవలె. ఈ విధంగా బడి పిల్లలకు నేర్పిన పాఠమే పోలీసు జట్టులో ఫలించినది. పోలీసు జట్టులో పరీక్షకు నిలిచినది భారత జట్టుకు అందినది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ వంటివారు హైదరాబాదు నుండే మెల్‌బోర్న్ వెళ్లినారు. సికింద్రాబాదు ప్రక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడ ఆ కోవలోనివాడే. నగర పోలీసు జట్టులోనివారు శాఖ ఉద్యోగులు. వారి జీతం ఆ ఊరి ఖజానాదే. గెలిచినా ఓడినా మర్నాడు ఆ వీధులలోనే కనిపించేవారు. జట్టుకు ఊరితో గల సంబంధం అటువంటిది.

ఆ సంబంధం ఎందుకు తెగినదో చెప్పడానికి వేరే వ్యాసం కావలె. కలకత్తా క్లబ్బులు ఎక్కువ సొమ్ము ఇచ్చి మంచి ఆటగాళ్లను తీసుకొనిపోయినవి. రహీం గారి తరువాత అంతటి గురువు లేకపోయినాడు. క్రికెట్టు వచ్చి మైదానాలను, మనస్సులను కూడ ఆక్రమించినది. నయీముద్దీన్, షబ్బీర్ అలీ వంటి గొప్ప ఆటగాళ్లు ఆ తరువాత కూడ హైదరాబాదు నుండి వచ్చినమాట నిజమే. కాని వారి కీర్తి ఎక్కువగా కలకత్తా క్లబ్బులకే చెందినది.

ఇక 2019కి వద్దాము. పుణె నగరపు సూపర్ లీగు క్లబ్బు మూతపడగా, ఆ ఖాళీలో ఆ సంవత్సరం ఆగస్టులో హైదరాబాదు క్లబ్బు ఏర్పడినది. యజమానులు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. అంటే ఇంగ్లండులోవలె క్రింది శ్రేణి నుండి మెట్టు మెట్టుగా ఎక్కివచ్చిన క్లబ్బు కాదిది. ఒకచోట తీసి మరొకచోట నాటిన మొక్క. ఈ సంగతి గుర్తుంచుకొనవలె. చివరకు కథ మళ్లీ ఇక్కడికే వస్తుంది.

మొదటి శిక్షకుడు ఇంగ్లండు దేశస్థుడైన ఫిల్ బ్రౌన్. పుణె జట్టుకు అంతకుముందు శిక్షకుడు ఆయనే. ఆయన పేరు చెప్పగానే ఫుట్‌బాలు తెలిసినవారికి హల్ సిటీ అనే క్లబ్బు జ్ఞాపకం వస్తుంది. శతాబ్దానికి పైబడిన చరిత్ర గల ఆ క్లబ్బును 2008లో మొట్టమొదటిసారి ఇంగ్లండు అగ్రశ్రేణికి చేర్చినవాడు బ్రౌన్. 2008–09 సీజను ఆరంభంలో ఆ జట్టు లండనులో ఆర్సెనల్‌ను వారి ఇంటిలోనే 2–1తో ఓడించి, పట్టికలో పై మెట్లపై నిలిచి అందరినీ ఆశ్చర్యపరచినది. డిసెంబరు 26న మాంచెస్టర్ సిటీ మైదానంలో విరామ సమయానికి 4 గోలులు వెనుకబడినప్పుడు, బ్రౌన్ ఆటగాళ్లను విశ్రాంతి గదిలోకి తీసుకొనిపోలేదు. గడ్డి మీదనే కూర్చుండబెట్టి, తమ అభిమానుల ఎదుటనే చీవాట్లు పెట్టినాడు. అది జట్టుకు మేలు చేసినదో కీడు చేసినదో నేటికీ అక్కడివారు వాదించుకొంటారు. ఆ తరువాత విజయాలు దాదాపుగా ఎండిపోయినవి. 35 మార్కులతో 17వ స్థానంలో, ఒకే ఒక్క మార్కు తేడాతో, న్యూకాసిల్ వంటి పెద్ద క్లబ్బు క్రిందికి జారిపోగా హల్ బ్రతికి బయటపడినది.

హైదరాబాదులో బ్రౌన్‌కు ఆపాటి అదృష్టం కూడ లేకపోయినది. 2019–20 సీజనులో ఆ జట్టు 18 ఆటలలో 2 మాత్రమే గెలిచి, 10 మార్కులతో అట్టడుగున నిలిచినది. సీజను మధ్యలోనే, 2020 జనవరిలో, బ్రౌన్ తొలగిపోయినాడు. అప్పట్లో మన లీగులో అడుగున పడిన జట్టు క్రింది శ్రేణికి పోయేది కాదు. ఇంగ్లండులో అయితే ఆ యేడే దాని కథ మారిపోయేది. ఆ ఆరంభపు నెలలలో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఆటలు చూచినవారికి ఓటములే ఎక్కువగా కనిపించినవి. ఇంతలో కోవిడ్ వ్యాధి వచ్చిపడినది. లీగు యావత్తూ గోవాకు తరలిపోయినది. ఊరు జట్టును ప్రేమించడం మొదలుపెట్టవలసిన సమయానికి జట్టు ఊరిలో లేకపోయినది.

బార్సిలోనాకు చెందిన ఆల్బర్ట్ రోకాను తరువాతి శిక్షకుడుగా నియమించినారు గాని, తన ఊరి మహాక్లబ్బు నుండి పిలుపు రాగా ఆయన వెళ్లిపోయినాడు. 2020 ఆగస్టు చివర ఆ స్థానంలోకి వచ్చినవాడు మరొక బార్సిలోనావాసి, మనోలో మార్కెజ్. స్పెయిను అగ్రశ్రేణిలో లాస్ పాల్మాస్ జట్టును కొద్దికాలం నడిపిన అనుభవం ఆయనకు ఉన్నది. ఆయన వయస్సు మళ్లిన పేరుగల ఆటగాళ్లను పోగుచేయక, ఇరవై యేండ్లవాళ్లైన భారతీయ కుర్రవాళ్లను నమ్మినాడు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఆకాశ్ మిశ్రా, సిక్కింకు చెందిన ఆశీష్ రాయ్ ఇరుప్రక్కల రక్షణ బాధ్యత వహించినారు. మణిపూర్ నుండి చింగ్లెన్సానా సింగ్, మహమ్మద్ యాసిర్ వచ్చినారు. 2020–21లో ఆ జట్టు 20 ఆటలలో 29 మార్కులతో అయిదవ స్థానం పొందినది. ముందటి యేటి అట్టడుగు జట్టుకు అది చిన్న మార్పు కాదు. అగ్రస్థానాలు నాలుగింటికే తుది పోటీలలో ప్రవేశం కనుక అక్కడితో ఆగినది.

2021–22 సీజనుకు 11 జట్లు. ఒక్కొక్క జట్టుకు 20 ఆటలు. గోవాలోని మూడు మైదానాలలోనే అన్నీ. హైదరాబాదుకు బాంబోలిం మైదానాన్ని ఇల్లుగా నిర్ణయించినారు. ఇల్లు అనడం లెక్క కొరకే. ఆటగాళ్లు హోటలు విడిచి బయటకు పోరాదు. ప్రేక్షకులు లోనికి రారాదు. బంతిని తన్నిన చప్పుడు, శిక్షకుని కేక, ఇవి తప్ప మరొక శబ్దం లేని ఖాళీ మైదానాలు. జనవరిలో వ్యాధి హోటళ్లలోకి కూడ ప్రవేశించి కొన్ని ఆటలు వాయిదా పడినవి. ఇంటి ఆట, పొరుగు ఆట అనే భేదం మీద నిలిచిన లీగు సంప్రదాయం ఆ యేడు పేరుకు మాత్రమే మిగిలినది. కుటుంబాలకు దూరంగా నెలల తరబడి ఒకే భవనంలో గడిపిన ఆ కుర్రవాళ్ల ఓర్పును తక్కువగా ఎంచరాదు.

నవంబరు 23న మొదటి ఆటలోనే హైదరాబాదు 0–1తో ఓడిపోయినది. ఓడించినవారు మన పొరుగువారు, చెన్నైయిన్. మద్రాసువైపు చూచే మన ప్రాంతపు అభిమానులకు ఆ రాత్రి మనస్సు ఎటు పోయినదో వారికే ఎరుక. నాలుగు రోజుల తరువాత, నాటి విజేతలైన ముంబయి సిటీని 3–1తో ఓడించడంతో జట్టు నిజమైన బలం బయటపడినది. డిసెంబరు 13న నార్త్ ఈస్ట్ యునైటెడ్‌పై 5–1. జనవరి 24న ఈస్ట్ బెంగాల్‌పై 4–0. ఆ నాలుగింటిలో మూడు ఒక్కరివే.

ఆ ఒక్కరు బార్తొలొమ్యూ ఒగ్బెచే. నైజీరియా దేశస్థుడు. 2002 ప్రపంచకప్పులో ఆడేనాటికి ఆయనకు 17 యేండ్లు. పారిస్‌లో పెరిగిన ఆటగాడు. ఇంగ్లండులో మిడిల్స్‌బరో తరఫున కూడ కొంతకాలం ఆడినాడు. హైదరాబాదు పసుపుచొక్కా తొడిగేనాటికి వయస్సు 37. ఆ వయస్సులో ఫార్వర్డుకు పరుగు తగ్గుతుంది. కాని బంతి ఎక్కడ పడబోతున్నదో తెలిసినవానికి పరుగుతో అంత పని లేదు. ఆ సీజనులో 18 గోలులు చేసి బంగారు బూటు గెలిచినాడు. సూపర్ లీగు చరిత్రలో అందరికన్న ఎక్కువ గోలులు చేసినవాడైనాడు. ఆయనకు బంతి అందించే దారిని మధ్యలో నిలిచి కాపాడినవాడు నాయకుడు, బ్రెజిల్ దేశస్థుడు జువావ్ విక్టర్. పత్రికలలో ఒగ్బెచే బొమ్మలే ఎక్కువ వచ్చినవి కాని, నా దృష్టిలో ఆ జట్టుకు వెన్నెముక విక్టరే.

20 ఆటలలో 11 గెలుపులు, 5 సమానాలు, 4 ఓటములు, చేసిన గోలులు 43, ఇచ్చినవి 23, మార్కులు 38. ఇదీ లెక్క. జంషెడ్‌పూర్ 43 మార్కులతో మొదటి స్థానం పొంది లీగు షీల్డు తీసుకొన్నది. హైదరాబాదుకు రెండవ స్థానం. ఇంగ్లండు మర్యాద ప్రకారం అయితే ఆ యేటి విజేత జంషెడ్‌పూరే. మన లీగులో మాత్రం అప్పట్లో మొదటి నాలుగు జట్లు మళ్లీ కప్పు పద్ధతిలో తలపడి, చివర గెలిచినవారు ఛాంపియను అయ్యేవారు. కప్పు మీద మనకు గల పాత మమకారం ఇక్కడ కూడ పోలేదన్నమాట.

మొదటి సెమీఫైనలు ఆటలో ఏటీకే మోహన్ బగాన్ ముందు గోలు చేసినది. విరామానికి ముందు ఒగ్బెచే సమం చేసినాడు. తరువాత యాసిర్, సివెరియో చెరియొక గోలు చేయగా 3–1. రెండవ ఆటలో 0–1తో ఓడినా, మొత్తం మీద 3–2తో హైదరాబాదు ముందుకు సాగినది. 1950లో డ్యూరాండు కప్పు అంతిమ పోటీలో హైదరాబాదు ఎదిరించిన మోహన్ బగాన్ పేరే, 72 సంవత్సరాల తరువాత మళ్లీ దారికడ్డంగా నిలిచినదని పాతకాలపువారు గమనించే ఉంటారు.

అంతిమ పోటీలో ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. ఆ రోజున ప్రేక్షకులను లోనికి అనుమతించినారు. కేరళ నుండి అభిమానులు తండోపతండాలుగా వచ్చినారు. రెండు జట్ల రంగూ పసుపే. లీగులో పైస్థానం హైదరాబాదుది కనుక పసుపు దానికే దక్కినది; కేరళ ఆటగాళ్లు వేరు రంగు ధరించవలసి వచ్చినది. అందువలన మైదానమంతా పసుపు సముద్రం వలె ఉన్నది. అందులో అత్యధికులు మాత్రం పసుపుచొక్కాలు తొడిగిన జట్టు ఓడిపోవలెనని కోరుతున్నవారే. నాలుగు నెలలు నిశ్శబ్దంలో ఆడిన జట్టుకు ఎట్టకేలకు జనఘోష వినిపించినది. ఆ ఘోష ఎదుటివారి కొరకు.

68వ నిమిషంలో రాహుల్ కేరళకు గోలు చేసినాడు. హైదరాబాదు ఎంత తరిమినా ఫలం లేక కాలం కరిగిపోతున్నది. 88వ నిమిషంలో, ప్రత్యామ్నాయంగా దిగిన గోవా కుర్రవాడు సాహిల్ తవోరా, రక్షకులు తిప్పికొట్టిన బంతి నేలను తాకీ తాకక మునుపే దూరం నుండి తన్నినాడు. అది గోలులోనికి దూసుకొనిపోయినది. 1–1. అదనపు సమయం గోలులు లేకుండ గడిచినది. ఇక పెనాల్టీలు.

ఇక్కడ గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణిని గురించి చెప్పక తీరదు. 2015 డిసెంబరు 20న ఇదే ఫతోర్దా మైదానంలో, ఇదే లీగు అంతిమ పోటీలో, ఆయన గోవా జట్టు గోలు కాచినాడు. చెన్నైయిన్ మీద 2–1 ఆధిక్యంలో ఉండగా, ఆట ముగియబోయే వేళ బంతి ఆయన చేతుల మీదుగానే సొంత గోలులో పడినది. మరి రెండు నిమిషాలకు మరొక గోలు. చేతికందిన పట్టం చేజారినది. సొంత ఊరివారి కన్నుల ఎదుట అటువంటి గాయం తగిలినవాడు ఆరేండ్ల తరువాత మళ్లీ అదే గోలు స్తంభాల నడుమ నిలిచినాడు. కేరళవారు తన్నిన నాలుగు పెనాల్టీలలో మూడింటిని ఆపినాడు. వానిలో ఒకదానిని రెండుసార్లు ఆపవలసి వచ్చినది. మొదటిసారి ఆపినప్పుడు నియమం తప్పినదని రిఫరీ మళ్లీ తన్నించినాడు. మళ్లీ ఆపినాడు. 3–1తో హైదరాబాదు విజేత. కేరళకు అది అంతిమ పోటీలో మూడవ ఓటమి.

ఆ రాత్రి ఆట మొదలైనప్పుడు మైదానంలోకి దిగిన పదకొండుగురిలో తెలుగునేల మీద పుట్టినవాడు ఒక్కడూ లేడు. గోవా, ఉత్తరప్రదేశ్, మణిపూర్, సిక్కిం, మహారాష్ట్ర, బెంగాల్. బ్రెజిల్, స్పెయిను, ఆస్ట్రేలియా, నైజీరియా. ఇది నిందగా చెప్పడం లేదు. వృత్తి క్లబ్బులలో ఇది లోకమంతటా జరిగేదే. నేటి ఇంగ్లండు క్లబ్బులలో ఆ ఊరి కుర్రవాళ్లు వ్రేళ్ల మీద లెక్కించదగినంతమందే. అయితే అక్కడి క్లబ్బుకు ఊరిలో మైదానం ఉన్నది, తాత తండ్రుల నుండి వచ్చిన టిక్కెట్టు ఉన్నది. ఆటగాళ్లు పరాయివారైనా ప్రేక్షకులు ఊరివారు. మన జట్టుకు ఆ యేడు ఆ రెండూ లేవు. రహీం గారి జట్టుకు ఆ రెండూ ఉండేవి. తేడా అంతా అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

దీని ఫలితం త్వరలోనే కనబడినది. 2020 ఆరంభం తరువాత తిరిగి 2022 అక్టోబరులో గాని జట్టు గచ్చిబౌలిలో తన ప్రేక్షకుల ఎదుట లీగు ఆట ఆడలేదు. ఆ సీజనులో 42 మార్కులతో మళ్లీ రెండవ స్థానం పొందినది. సెమీఫైనలులో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీలలో ఓడినది. 2023లో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయినాడు. తరువాత ఒక యేడు భారత జట్టుకు కూడ శిక్షకుడుగా ఉన్నాడు. అప్పటికే క్లబ్బులో సొమ్ము ఇబ్బందులు ముదిరినవి. జీతాలు అందక ఆటగాళ్లు ఒకరి వెంట ఒకరు ఒప్పందాలు వదలుకొన్నారు. బకాయిల ఫిర్యాదులపై అంతర్జాతీయ ఫుట్‌బాలు సంఘం కొత్తవారిని చేర్చుకోరాదని నిషేధం విధించినది. 2023–24లో మిగిలిన పిల్లలతో 22 ఆటలు ఆడి ఒక్కటి మాత్రమే గెలిచినారు. 8 మార్కులు, అట్టడుగు. ఆ ఒక్క గెలుపు 2024 మార్చిలో మద్రాసులో, చెన్నైయిన్ మీద. జీతం లేని ఆ కుర్రవాళ్లు తెచ్చిన ఆ 1–0, రెండేండ్ల క్రితపు పట్టం కన్న తక్కువదని నేను అనలేను.

2024లో క్లబ్బు జిందాల్ సంస్థ చేతికి మారినది. 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయినది. పుణె నుండి పెరికివచ్చిన మొక్కను మళ్లీ పెరికి మరొకచోట నాటినారు. ఇంగ్లండులో కూడ ఇటువంటిది ఒకటి జరిగినది. లండనులోని వింబుల్డన్ క్లబ్బును యజమానులు మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్టణానికి తరలించడానికి 2002లో అనుమతి పొందినారు. అభిమానులు ఊరుకొనలేదు. ఆ యేడే తమ సొంత క్లబ్బు పెట్టుకొని, తొమ్మిదవ శ్రేణి నుండి ఆడడం మొదలుపెట్టి, 2011 నాటికి మళ్లీ ఫుట్‌బాల్ లీగులో ప్రవేశించినారు. హైదరాబాదు క్లబ్బు తరలినప్పుడు అంతటి ఉద్యమం లేవలేదు. అభిమానులను తప్పుపట్టలేము, ఆ జట్టును కన్నులారా చూచే భాగ్యం వారికి లభించినది నాలుగు సీజనులే, వానిలోను సగం ఓటములు.

మన రాయలసీమలో అనంతపురంలో మరొక తీరు పని జరుగుతూ వచ్చినది. బార్సిలోనాలో పుట్టి మన కరువునేలలో స్థిరపడిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అక్కడ క్రీడాగ్రామం నెలకొల్పి పల్లె పిల్లలకు ఫుట్‌బాలు, హాకీ, టెన్నిసు నేర్పించినది. అక్కడ బంతి వెంట పరుగెత్తినవారిలో ఆడపిల్లలు కూడ ఉన్నారు. తెలంగాణలో నిజామాబాదు జిల్లా తండా నుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టులో ఆడి, 2024–25కు దేశపు ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికయినది. ఆ సీజనులో ఆమె ఆడిన క్లబ్బు కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్. 1957లో అమ్ముగూడ బలరాం హైదరాబాదు విడిచి చేరినదీ ఆ క్లబ్బులోనే.